తాగి నడిపిన కారుకు బీమా వర్తిస్తుందా?

ప్రశ్న: మాది కర్నూలు. కారు నా పేరున ఉంది. ఓన్ డ్యామేజ్ (సొంత కారుకు జరిగే నష్టం), థర్డ్ పార్టీ (ఇతరులకు జరిగే నష్టం) రెండూ కలిసిన పాలసీ అమలులోనే ఉంది. గత నెల మా తమ్ముడు డోన్‌లో స్నేహితుడి పెళ్లికి కారు తీసుకువెళ్లి, రాత్రి తిరిగి వస్తూ వెల్దుర్తి దాటిన తర్వాత జాతీయ రహదారిపై ముందు వెళ్తున్న బైకును గుద్ది, ఆపై డివైడర్ ఎక్కించాడు. బైకు నడుపుతున్న వ్యక్తికి కాలు విరిగింది. తమ్ముడికి కూడా తలకు గాయమై ఆసుపత్రికి తరలించడంతో బ్రీత్ ఎనలైజర్ పరీక్ష జరగలేదు, రక్తపరీక్ష కూడా చేయలేదు. అయితే ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు సంబంధించిన గాయాలను ఆసుపత్రిలో నమోదు చేసే) రికార్డులో డాక్టరు ‘మద్యం వాసన ఉంది’ అని రాశారు. దాన్ని చూపి బీమా కంపెనీ మరమ్మతు క్లెయిమును తిరస్కరించింది. పరీక్షే లేనప్పుడు తాగాడని ఎలా నిర్ణయిస్తారు? కారు డ్రైవర్ నడిపాడని ఇప్పటికైనా మార్చి చెప్పమని కొందరు సలహా ఇస్తున్నారు. బైకు తరఫు పెద్దమనుషులు రెండు లక్షలు ఇస్తే రాజీ అంటున్నారు. ఏం చేయాలి?
– పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ పాలసీ ఒకటే అయినా అందులో ఉన్నవి రెండు వేర్వేరు బాధ్యతలు. మీ కారుకు జరిగిన నష్టం మీకూ కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందానికి సంబంధించినది. గాయపడిన వ్యక్తికి రావలసిన పరిహారం మోటారు వాహనాల చట్టానికి సంబంధించినది. మొదటిదాంట్లో మీ పరిస్థితి బలహీనంగా ఉంది. రెండోదాంట్లో అంత నిరాశపడవలసిన పని లేదు.

ముందు కారు సంగతి. వాహన యజమాని గానీ, ఆయనకు తెలిసి ఆయన అనుమతితో నడుపుతున్న మరొకరు గానీ మద్యం మత్తులో ఉండగా జరిగిన నష్టానికి చెల్లింపు ఉండదన్న షరతు ప్రైవేటు కార్ల పాలసీల్లో ఉంటుంది. ఇక్కడ ‘తెలిసి, అనుమతితో’ అన్నది కారు నడపడానికి వర్తించే మాట, తాగడానికి కాదు. అందువల్ల తమ్ముడు తాగుతాడని మీకు తెలియదన్న వాదన మరమ్మతు క్లెయిములో పెద్దగా ఉపయోగపడదు. పరీక్ష జరగలేదన్న అంశంపై 2021 ఏప్రిల్‌లో ఇఫ్కో టోకియో, పెర్ల్ బెవరేజెస్ సంస్థల మధ్య వివాదంలో సుప్రీంకోర్టు స్పష్టత ఇచ్చింది. 2007లో ఢిల్లీ ఇండియా గేట్ వద్ద ఒక ఖరీదైన కారు ప్రమాదానికి గురైన కేసు అది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరమన్న కొలత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద శిక్షించడానికి అవసరమే గానీ, పాలసీ షరతును వర్తింపజేయడానికి పరీక్ష తప్పనిసరి కాదని, ఇతర ఆధారాలతోనూ కంపెనీ ఆ సంగతి రుజువు చేయవచ్చని కోర్టు చెప్పింది. డాక్టరు నమోదు చేసిన వాసనతో పాటు ప్రమాదం జరిగిన తీరును కూడా కలిపి చూసింది.

అయినా రుజువు చేయవలసిన భారం కంపెనీదే. బైకుకు వెనుక లైటు లేదనో, అది అకస్మాత్తుగా అడ్డం వచ్చిందనో పోలీసుల రఫ్ స్కెచ్‌లో గానీ, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ నివేదికలో గానీ నిజంగా ఉంటే, తిరస్కరణ లేఖకు జవాబుగా ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికే రాతపూర్వకంగా రాయండి. నెల రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం నచ్చకపోయినా బీమా కంపెనీలపై ఫిర్యాదులను విచారించే అధికారి అయిన హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ రుసుము లేదు, వకీలు అక్కర లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది. అలాంటి ఆధారమేదీ లేకపోతే మరమ్మతు ఖర్చు మీదేనని ఇప్పుడే అనుకోవడం మేలు.

డ్రైవర్ పేరు చెప్పాలన్న సలహాను మాత్రం దయచేసి వినవద్దు. తలకు దెబ్బ తగిలి ఎంఎల్‌సీకి ఎక్కింది మీ తమ్ముడు. టోల్‌గేటు కెమెరాలు, ఫోన్ లొకేషన్, పెళ్లి వీడియో అన్నీ అతడి వైపే చూపుతాయి. అబద్ధపు వాంగ్మూలం వల్ల నేరం చేయని డ్రైవర్ క్రిమినల్ కేసులో ఇరుక్కుంటాడు. ఇప్పటివరకు మరమ్మతు క్లెయిముకే పరిమితమైన పేచీ మోసం ఆరోపణగా మారుతుంది. మీకు ఇంకా ఆశ ఉన్న థర్డ్ పార్టీ వ్యవహారంలో కూడా మీ మాటకు విలువ ఉండదు.

ఇక గాయపడిన వ్యక్తి విషయం. ఆయన సెక్షన్ 166 కింద మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో పిటిషన్ వేస్తే తమ్ముణ్ని, మిమ్మల్ని, బీమా కంపెనీని ముగ్గురినీ ప్రతివాదులుగా చేరుస్తారు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా వేయాలన్న గడువు 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. సవరించిన చట్టంలోని సెక్షన్ 150, మద్యం మత్తులో నడపడాన్ని కంపెనీ ఎత్తగల అభ్యంతరాల్లో చేర్చింది. అయితే అక్కడి మాటలు ‘సెక్షన్ 185లో చెప్పిన విధంగా’ అన్నవి. సెక్షన్ 185 అంటేనే పరీక్షలో తేలిన 30 మిల్లీగ్రాముల కొలత. కారు క్లెయిములో మీకు అక్కరకు రాని ‘పరీక్ష లేదు’ అన్న వాదన ఇక్కడ బలమైనది అవుతుందని నా అభిప్రాయం. మీ వకీలు దీన్ని కౌంటరులోనే (పిటిషన్‌కు రాతపూర్వకంగా ఇచ్చే జవాబులోనే) స్పష్టంగా లేవనెత్తాలి. ఆ అభ్యంతరం నిలిచినా, ముందు బాధితుడికి చెల్లించి తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని కంపెనీని ఆదేశించడం ట్రైబ్యునళ్లలో కొత్త కాదు. ఆ రాబట్టుకునే దశలో కారు ఇచ్చిన వేళకు తమ్ముడు మామూలుగానే ఉన్నాడన్నది మీకు పనికొచ్చే సంగతి. లైసెన్సు విషయంలో యజమాని నిర్లక్ష్యాన్ని కంపెనీయే రుజువు చేయాలని స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాన్ని ఇక్కడ కూడా ఆధారంగా చూపవచ్చు.

రాజీ గురించి మీరు తొందరపడుతున్నారని నాకు అనిపిస్తోంది. కంపెనీ రాతపూర్వక అంగీకారం లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బు ఇస్తానని మాట ఇవ్వడం, చెల్లించడం పాలసీ షరతులకు విరుద్ధం. మన ప్రాంతంలో పెద్దమనుషుల మాటకు గౌరవం ఎక్కువే; కానీ రెండు లక్షలు ఇచ్చి కాగితం రాయించుకున్నాక ఆయన ట్రైబ్యునల్‌కు వెళితే, కంపెనీ ఆ కాగితాన్నే మీ మీద ప్రయోగిస్తుంది. గాయపడిన వ్యక్తి వైద్యానికి సాయం చేయడం వేరు, అది చేయండి. డబ్బు నేరుగా ఆసుపత్రికి కట్టి రసీదులు ఉంచుకోండి. ప్రమాద వివరాలు, పాలసీ నంబరు, తమ్ముడి లైసెన్సు వివరాలతో కంపెనీకి లేఖ ఇవ్వడం సెక్షన్ 134 ప్రకారం మీ తమ్ముడి బాధ్యత. ఇంకా ఇవ్వకపోతే ఈ వారమే ఇప్పించి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ప్రశ్న: అనంతపురంలో మా ఇంటి ముందు నిలిపిన కారును తాగిన మనిషి నడిపిన జీపు గుద్దింది. తాగిన కేసు కాబట్టి మీకు బీమా రాదని ఏజెంటు అంటున్నాడు. నిజమా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: నిజం కాదు. ఆ షరతు మీ కారు నడిపే వ్యక్తి తాగి ఉంటేనే వర్తిస్తుంది. మీకు ఓన్ డ్యామేజ్ పాలసీ ఉంటే ఎఫ్ఐఆర్ నకలు జతచేసి, సర్వేయర్ చూసేదాకా కారును షెడ్డులో విప్పించకుండా ఉంచి, మీ కంపెనీకే క్లెయిమ్ ఇవ్వండి. తరుగుదల కోత కొంత ఉంటుంది, నో క్లెయిమ్ బోనస్ పోతుంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే జీపు యజమాని మీద, ఆ జీపు బీమా కంపెనీ మీద ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. ఒకే నష్టానికి రెండు చోట్లా డబ్బు తీసుకోవడం కుదరదు.