అద్దం నల్లబడితే కారు చల్లబడుతుందా?

ప్రశ్న: కారు అద్దాలకు సన్ ఫిల్మ్ వేయిద్దామనుకుంటున్నాం. ఎంత నల్లగా ఉంటే అంత చల్లదనమని ఒకరు, లేత రంగు సిరామిక్ చాలని ఒకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: రెండోవారి మాట వినండి. ఎండలోని శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. నలుపు ముఖ్యంగా కనిపించే వెలుగునే ఆపుతుంది. అందుకే ఉత్త రంగు అద్దిన చవక ఫిల్మ్ ఎంత చిక్కగా ఉన్నా వేడి పెద్దగా తగ్గదు. పైగా ఆ వేడిని తానే పీల్చుకుని అద్దాన్ని కాలేలా చేస్తుంది. కొన్నేళ్లకు ఊదా రంగుకు తిరుగుతుంది కూడా. లోహపు పూత ఉన్న ఫిల్మ్ వేడిని తిప్పికొడుతుంది కానీ జీపీఎస్, ఫోన్ సిగ్నల్, టోల్ ట్యాగ్ తడబడొచ్చు. కార్బన్ కలిపిన ఫిల్మ్‌ది మధ్యస్థాయి: రంగు అంత తేలిగ్గా వెలిసిపోదు, సిగ్నల్‌కు అడ్డు రాదు. సన్నని సిరామిక్ రేణువులున్న ఫిల్మ్‌కు ఖర్చెక్కువ. కానీ లేత రంగులోనే పరారుణాన్ని బాగా ఆపుతుంది కాబట్టి రాత్రిపూట చూపుకు ఇబ్బంది ఉండదు.

“95 శాతం వేడి ఆపుతుంది” అని అమ్మేవాళ్లు చెబితే, ఆ అంకె దేనిదో అడగండి. చాలాసార్లు అది పరారుణంలో ఒక చిన్న ముక్క మీద కొలిచినదే. మీరు చూడాల్సింది ‘టీఎస్ఈఆర్’, అంటే మొత్తం సౌరశక్తిలో ఎంత ఆపిందన్న లెక్క. అది 50 దాటితే మంచి ఫిల్మే. యూవీ (అతినీలలోహిత కిరణాలు) 99 శాతం ఆపుతుందన్న మాటకు మాత్రం అదనంగా డబ్బు పెట్టకండి, నాణ్యమైన ఫిల్మ్ ఏదైనా దాదాపు అంత ఆపుతుంది.

ప్రశ్న: 35 శాతం ఫిల్మ్ అని చెప్పి వేశారు. మీటరు పెట్టి చూస్తే 26 చూపించింది. మోసపోయానా?

జవాబు: లేదు. 35 అంటే ఫిల్మ్ ఒక్కటే లోపలికి వదిలే వెలుగు. కారుతో వచ్చిన అద్దం కూడా కొంత ఆపుతుంది. అద్దం 75 శాతం వదిలేదైతే 0.75ను 0.35తో హెచ్చవేయండి, 26 వస్తుంది. నిబంధనలు సాధారణంగా చూసేది ఈ కలిపిన లెక్కనే. అంటే 50 ఉండాలన్న చోట 50 ఫిల్మ్ వేయిస్తే తప్పులో పడ్డట్టే, 70ది వేయించాలి. వేయించే ముందే ఉత్త అద్దాన్ని కొలిపించండి. ముందు అద్దాలకో నియమం, వెనక వాటికో నియమం ఉండొచ్చు, కొన్ని చోట్ల అసలు ఫిల్మ్‌కే అనుమతి లేదు. ఆ సంగతి ముందు తేల్చుకోండి.

ప్రశ్న: ఫిల్మ్ వేసి మూడు రోజులైంది. నీటి బుడగలు, పాలలాంటి మసక ఉన్నాయి. మళ్లీ వేయించాలా?

జవాబు: ఆగండి. ఫిల్మ్‌ను సబ్బునీళ్ల మీద జార్చి, స్క్వీజీతో (రబ్బరు అంచున్న పలకతో) నీళ్లు బయటికి తోస్తారు. మిగిలిన తడి మెల్లగా ఆరాలి. ఎండకాలం కొన్ని రోజులు, చలికాలం నెల దాకా పట్టొచ్చు. వేలితో నొక్కొద్దు, సూదితో గుచ్చొద్దు, మరో రెండు రోజులు అద్దాలు దించొద్దు. బుడగ మధ్యలో నలుసు కనిపిస్తే మాత్రం అది దుమ్ము, ఎన్నాళ్లున్నా పోదు. అంచుల దగ్గర వేళ్లలా ముడతలుంటే, అద్దం వంపుకు సరిపడా వేడిచేసి ఫిల్మ్‌ను కుదించలేదన్నమాట. ఈ రెండింటికీ మళ్లీ వేయమని నిలదీయొచ్చు. ఆరాక తుడవడానికి అమోనియా లేని ద్రావణం, మైక్రోఫైబర్ గుడ్డ చాలు.

ప్రశ్న: వెనక అద్దం మీది పాత ఫిల్మ్ ఇంట్లోనే తీయొచ్చా?

జవాబు: తీయొచ్చు, బ్లేడు మాత్రం ముట్టుకోకండి. ఆ అద్దం లోపలి వైపు వేడెక్కి మసకను పోగొట్టే సన్నని డీఫాగర్ గీతలుంటాయి. ఒకచోట తెగినా ఆ గీత మొత్తం వేడెక్కదు. ముందుగా, వెనక సీటు వెనకాల ఉన్న స్పీకర్లు, వైర్లపై మందపాటి తువ్వాలు పరవండి. ఫిల్మ్‌కు ఆవిరి బాగా పట్టించి, ఒక మూల గోరుతో లేపి, గీతలు సాగిన దిక్కుకే నెమ్మదిగా లాగండి. గట్టిగా పట్టి ఉంటే మళ్లీ ఆవిరి పెట్టండి. మిగిలిన జిగురు మీద సబ్బునీళ్లు చల్లి, నానాక మెత్తని స్పాంజితో గీతల వెంబడే రుద్దండి.