సమాధానం: ఇషిగాకిలో సగం రోజు, కబిరా, తకెటోమి రెండూ కుదరడం లేదు

జపాన్‌లో ఒకినావా ప్రాంతపు ఇషిగాకి దీవిలో సగం రోజే, అంటే నాలుగు గంటలే ఉంది, కబిరా బే, పక్కనున్న తకెటోమి దీవి రెండూ చూడొచ్చా అని అడిగారు కదా. కుదరకపోవడానికి కారణం రెండూ చెరో దిశలో ఉండటమే. కబిరా బే ఇషిగాకి రేవు నుంచి రోడ్డు మీద దాదాపు 20 కిలోమీటర్లు. తకెటోమికేమో అదే రేవు నుంచి ఫెర్రీలో పావుగంట కూడా పట్టదు. నాలుగు గంటల్లో రెండూ అంటే టెన్షనే మిగులుతుంది. నా మాట విని కబిరా వదిలేయండి.

1. రేవులో తకెటోమికి రానుపోను ఫెర్రీ టికెట్ తీసుకోండి.

2. చాలామంది మరిచిపోయేది ఇక్కడే: బయల్దేరే ముందు ఆ రోజు ఆటుపోట్ల సమయాలు చూసుకోండి. తకెటోమిలోని కొండోయ్ బీచ్ చాలా లోతు తక్కువ. పాటు సమయంలో, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు వెళితే నీళ్లు చీలమండ దాటవు, ఇసుక తిన్నెలు తేలి ఉంటాయి. నడవడానికి అదే బాగుంటుంది. ఈత కావాలంటే పోటు ఉన్నప్పుడు వెళ్లండి. దాన్నిబట్టి బీచ్ ముందా, ఊరు ముందా తేల్చుకోండి.

3. ఊళ్లో నీటిగేదె బండి ఎక్కండి, అరగంట పడుతుంది. బండి తోలే ఆయన సన్షిన్ అనే మూడు తీగల వాద్యం మీటుతూ పాట పాడతారు. తెల్లటి పగడపు ఇసుక దారి, రాళ్లు పేర్చిన గోడలు, ఎర్ర పెంకుల మీద నోరు తెరిచిన షీసా బొమ్మ, అంటే ఇంటిని కాపాడే సింహం లాంటి బొమ్మ. ఒక్కో ఇంటి షీసాది ఒక్కో ముఖం, ఆగి చూడండి.

4. తర్వాత సైకిల్ అద్దెకు తీసుకుని కైజి బీచ్‌కి. అరచేతిని ఇసుకకు అద్దితే నక్షత్రాల్లాంటి రేణువులు అంటుకుంటాయి. అవి ఫోరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలు. చూసి అక్కడే వదిలేయండి. అక్కడ ప్రవాహం బలంగా ఉంటుంది, ఈతకు దిగకండి.

5. తకెటోమిలో దిగగానే తిరుగు ఫెర్రీ టైమ్ టేబుల్ ఫోటో తీసుకోండి. సాయంత్రమే ఆఖరి పడవ వెళ్లిపోతుంది.