కీబోర్డు కొనబోయే సాయికి

చిరంజీవి సాయికి,

చిన్నమ్మ దీవెనలు. నువ్వు పంపిన లింకులన్నీ చూశాను. అన్నింట్లోనూ లైట్ల గురించే రాశారు, కీల కింది స్విచ్‌లు గుచ్చే సాకెట్ గురించి ఒక్కదాంట్లోనూ సరిగా లేదు. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. సబ్‌టైటిళ్లు రాసి కూడబెట్టుకున్న నాలుగు వేలు అవి. రాత్రి ఆటకీ పగలు పనికీ ఒకే మెకానికల్ కీబోర్డు కావాలన్నావు కాబట్టి రెండూ దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. కీబోర్డులో కొన్ని కొన్నాక కూడా మార్చుకోవచ్చు, కొన్ని మార్చుకోలేం. స్విచ్‌లు, వాటి మీద తొడిగే కీక్యాప్‌లు, లోపల వేసే ఫోమ్, స్పేస్‌బార్ చప్పుడు, ఇవన్నీ చేతిలో డబ్బు ఆడినప్పుడు ఒక్కొక్కటిగా బాగుచేసుకోవచ్చు. సైజు, లేఅవుట్ అంటే కీల అమరిక, సాకెట్ రకం, బోర్డును లోపలి నుంచి నడిపే ప్రోగ్రాము అంటే ఫర్మ్‌వేర్, కనెక్షన్ మాత్రం కొన్నరోజు ఏది వస్తే అదే. నీ నాలుగు వేలూ ఈ రెండో వరస మీదే పెట్టు. షాపులో నీకు చూపించేది మాత్రం మొదటి వరసే.

నువ్వు పంపిన వాటిలో వెయ్యి లోపు దాన్ని ముందు పక్కన పెట్టేయ్. దాని మీద ‘సెమీ మెకానికల్’ అని ఉంది చూడు, అది మామూలు మెంబ్రేన్ కీబోర్డే. కీల కింద రబ్బరు బుడిపెలున్న ఒకే షీటు ఉంటుంది. నిజమైన మెకానికల్‌లో ప్రతి కీకీ దాని సొంత స్విచ్, లోపల స్ప్రింగు, రెండు రాగి రేకులు ఉంటాయి. కీక్యాప్ లాగి చూస్తే కింద చిన్న డబ్బాలా స్విచ్ విడిగా కనబడాలి.

ఇవి ఇంత చవకైంది కూడా ఈ మధ్యనే. జర్మన్ కంపెనీ చెర్రీ వాళ్ల ఎమ్‌ఎక్స్ స్విచ్‌లు 1980ల మొదట్లో వచ్చాయి. ఆ డిజైన్ మీద పేటెంట్ గడువు 2014 ప్రాంతంలో ముగిసింది. అక్కణ్నుంచి గేటరాన్, కైల్, ఔటెము లాంటి చైనా కంపెనీలు అదే కొలతలతో స్విచ్‌లు పోటీపడి చేస్తున్నాయి. ప్లస్ ఆకారంలో ఉండే కాడ అందరిదీ ఒకటే కాబట్టి ఒకరి స్విచ్ మీద ఇంకొకరి కీక్యాప్ కూర్చుంటుంది. నీలాంటి వాళ్లకు కొంచెం కొంచెంగా మార్చుకునే వీలు దొరికింది అందువల్లే.

ఇక సాకెట్. ‘హాట్‌స్వాప్’ అని రాసి ఉంటే స్విచ్‌ను టంకం అక్కర్లేకుండా లాగి ఇంకోటి గుచ్చుకోవచ్చు. ఇది లేని కీబోర్డు నీ బడ్జెట్‌లో కొనడం దండగ. ఒక కీ నొక్కితే రెండక్షరాలు పడే జబ్బు ఏ మెకానికల్ కీబోర్డుకైనా ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు. హాట్‌స్వాప్ అయితే ఆ స్విచ్ పీకి, నువ్వెప్పుడూ ముట్టుకోని ఏదో ఒక కీ కింది స్విచ్ తెచ్చి పెట్టుకుంటే పని జరిగిపోతుంది. టంకం పెట్టిన బోర్డయితే సర్వీసు సెంటర్ చుట్టూ తిరగాలి.

హాట్‌స్వాప్‌లోనూ రెండు సంగతులు అడుగు. బాగా చవక బోర్డుల్లో కొన్నింటికి ఔటెము సాకెట్లు వేస్తారు. వాటి కన్నాలు సన్నం, ఔటెము స్విచ్‌ల సన్నటి కాళ్లే దూరతాయి. రేపు గేటరాన్ కొందామంటే కుదరదు. రెండోది, మూడు పిన్నులా, ఐదు పిన్నులా అన్నది. ఐదు పిన్నుల బోర్డు తీసుకుంటే రెండు రకాల స్విచ్‌లూ పడతాయి. మూడు పిన్నుల బోర్డయినా భయం లేదు, స్విచ్ అడుగున అదనంగా ఉండే రెండు ప్లాస్టిక్ కాళ్లను నెయిల్‌కట్టర్‌తో కత్తిరిస్తే సరిపోతుంది.

సైజు దగ్గర నా మాట కచ్చితంగా విను, ఎందుకంటే ఇది తెలుగు టైపు చేసేవాళ్లకే తెలిసే ఇబ్బంది. నీకు నచ్చిన ఆ చిన్నది 60 శాతం లేఅవుట్, అంటే పూర్తి కీబోర్డులో దాదాపు 60 శాతం కీలే ఉండేది. చూడ్డానికి ముద్దుగా ఉంది, హాస్టల్ టేబుల్ మీద చోటు మిగులుతుంది, మౌస్ తిప్పుకోవడానికి ఆటలో హాయి. కానీ మనం వాడే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీల అమరికలో ఒత్వం ఎక్కడుందో గుర్తుంది కదా? ఒకటో అంకెకి ఎడమ పక్కన, పై మూలన ఉండే కీ మీద. షిఫ్ట్ పట్టుకుని అదే నొక్కితే ‘ఒ’. 60 శాతం బోర్డుల్లో ఆ చోట ఎస్కేప్ కూర్చుంటుంది. 65 శాతం వాటిలోనూ ఎక్కువగా అంతే, కొన్నింటిలో ఆ కీని కుడి పక్కకి నెట్టేస్తారు. అప్పుడు ‘కొత్త’ అని రాయాలన్నా ‘పొద్దు’ అని రాయాలన్నా ఎఫ్‌ఎన్ కీ పట్టుకుని నొక్కాలి. ‘ఒక’ అన్న మాటకైతే ఎఫ్‌ఎన్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి. ఒక పేజీలో ‘ఒక’ ఎన్నిసార్లు వస్తుందో నీ సబ్‌టైటిల్ ఫైలు తెరిచి వెతికి చూడు, నీకే తెలుస్తుంది. పుస్తకాల డీటీపీ చేసే నాకు ఆ బోర్డు ఊరికే ఇచ్చినా వద్దు.

75 శాతం తీసుకో. పైన ఎఫ్ వరస ఉంటుంది, ఎస్కేప్ అక్కడికి వెళ్తుంది, ఒత్వం తన చోట తానుంటుంది, బాణం కీలూ ఉంటాయి. అంకెల ప్యాడ్, అరుదుగా వాడే కొన్ని కీలు మాత్రం ఉండవు. అంకెల ప్యాడ్ ఒక్కటే తీసేసిన 87 కీల టీకేఎల్ అయినా మంచిదే, కాస్త పొడుగు. మూడు వేల నుంచి ఐదు వేల మధ్యలో రెండు సైజుల్లోనూ హాట్‌స్వాప్ బోర్డులు దొరుకుతున్నాయి. రాయల్ క్లడ్జ్, ఔలా, రెడ్‌రాగన్, కాస్మిక్ బైట్, క్రియో పేర్లు ఎక్కువగా వింటావు. పేరు కన్నా మోడల్ ముఖ్యం. ఒకే కంపెనీ హాట్‌స్వాప్ ఉన్నదీ లేనిదీ రెండూ అమ్ముతుంది.

స్విచ్‌ల సంగతి. క్లికీ, ట్యాక్టైల్, లీనియర్ అని మూడు రకాలు. నీలం రంగువి క్లికీ, నొక్కినప్పుడల్లా టిక్కుమంటాయి. ముగ్గురు పడుకునే గదిలో అర్ధరాత్రి అవి మోగిస్తే నీ రూమ్మేట్లు నిన్ను బయటికి పంపేస్తారు, వద్దు. ట్యాక్టైల్ అంటే ఆ టిక్కు చప్పుడు లేకుండా మధ్యలో చిన్న గుబ్బ వేలికి తెలుస్తుంది. లీనియర్ అడ్డు లేకుండా కిందికి దిగిపోతుంది. చెర్రీ రెడ్ లాంటి లీనియర్‌కు 45 గ్రాముల బలం చాలు, 2 మిల్లీమీటర్లు దిగగానే అక్షరం పడుతుంది, మొత్తం ప్రయాణం 4 మిల్లీమీటర్లు.

ఆటకి లీనియర్, టైపింగ్‌కి ట్యాక్టైల్ అని అందరూ అంటారు. డబ్ల్యూ, ఏ, ఎస్, డీ కీలకు ఒక రకం, మిగతా వాటికి ఇంకో రకం పెట్టుకోమని సలహా కూడా ఇస్తారు. ఇంగ్లీషు ఒక్కటే కొట్టేవాళ్లకి సరే. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ నాలుగు కీల మీద ఏమున్నాయి? ఐత్వం, ఓత్వం, ఏత్వం, పొల్లు. ఒత్తు రాయాలంటే ప్రతిసారీ పొల్లు కొట్టాల్సిందే, ‘అమ్మ’ అనాలన్నా ‘చెట్టు’ అనాలన్నా డీ కీ మీదికి వేలు పోతుంది. అక్కడ ఒక బరువు, పక్కన ఒక బరువు ఉంటే లయ తప్పుతుంది. నా మాటైతే మొత్తం బోర్డుకీ ఒకే రకం, తేలికపాటి లీనియర్, బోర్డుతో పాటు వచ్చినవే ముందు వాడు. నెలా రెండు నెలలయ్యాక పది స్విచ్‌ల ప్యాకెట్ ట్యాక్టైల్‌వి తెచ్చుకుని కుడిచేతి హల్లుల కింద పెట్టి చూడు. నచ్చితే మిగతావి కొను. నేను ట్యాక్టైలే వాడతాను, కానీ నేను ఆటలాడను.

కనెక్షన్ విషయంలో ఆటకి వైరు, లేదా చిన్న డాంగిల్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్. రెండూ సాధారణంగా సెకనుకు 1000 సార్లు కంప్యూటర్‌కి కబురు పంపుతాయి. బ్లూటూత్ అంతకన్నా చాలా నెమ్మది, అది ఫోన్లో టైపు చేసుకోవడానికి బాగుంటుంది. సెకనుకు 8000 సార్లు అని బాక్సు మీద పెద్దక్షరాలతో రాసినదానికి అదనంగా డబ్బు పెట్టకు. వైరు ఒక్కటే ఉన్న బోర్డు అదే ధరలో మెరుగైన వస్తువు అవుతుంది, బ్యాటరీ ఖర్చు తగ్గుతుంది కాబట్టి. నీ టేబుల్ కదలదు, నువ్వూ కదలవు. వైరుదే తీసుకో.

మీ స్నేహితుడు చెబుతున్న మాగ్నెటిక్ స్విచ్‌ల గురించి కూడా అడిగావు. వాటిలో రేకులు తాకవు, అయస్కాంతం ఎంత దిగిందో సెన్సరు కొలుస్తుంది. ఎంత లోతులో అక్షరం పడాలో నువ్వే పెట్టుకోవచ్చు, వేలు కాస్త పైకి లేపగానే కీ వదిలేసినట్టు లెక్క. వాలరెంట్ లాంటి ఆటలో అది నిజంగా పనికొస్తుంది, కాదనను. అయితే మామూలు స్విచ్‌లు వాటి బోర్డులో పని చెయ్యవు, కాబట్టి రేపు మార్చుకునే స్వేచ్ఛ చాలావరకు పోతుంది. లోతు తగ్గించిపెట్టి తెలుగు కొడితే వేలు ఆనితే చాలు అక్షరాలు పడిపోతాయి. పైగా ఎదురెదురు దిశల కీలను కీబోర్డే సర్దిపెట్టే సౌకర్యాన్ని కౌంటర్ స్ట్రైక్ 2 ఆట అధికారిక సర్వర్లలో దాన్ని తయారుచేసిన వాల్వ్ కంపెనీ 2024 ఆగస్టులో నిషేధించింది. అలాంటి వాటిని నమ్ముకుని కొనకు. ఆట ఒక్కటే నీ పని అయితే వేరే మాట చెప్పేదాన్ని.

ఫర్మ్‌వేర్ చూడు బిడ్డా, దీన్ని ఎవరూ పట్టించుకోరు. క్యూఎంకే అనే ఫర్మ్‌వేర్, దాన్ని మార్చుకునే వయా అనే యాప్ పని చేసే బోర్డు దొరికితే మరో ఐదొందలు ఎక్కువైనా ఫర్వాలేదు. కీక్రాన్ సీ3 ప్రో అలాంటిదే, టీకేఎల్. అందులో హాట్‌స్వాప్ ఉన్నదీ లేనిదీ రెండూ ఉన్నాయి, అడిగి తీసుకో. వయాతో ఏ కీకి ఏ పనైనా అప్పగించవచ్చు, ఆ మార్పు బోర్డులోనే నిలిచిపోతుంది, ఏ కంప్యూటర్‌కి తగిలించినా వస్తుంది. నా బోర్డులో క్యాప్స్ లాక్ నొక్కితే విండోస్, స్పేస్ రెండూ కలిపి నొక్కినట్టు పడుతుంది. అంటే ఒక్క కీతో తెలుగు నుంచి ఇంగ్లీషుకి, మళ్లీ తెలుగుకి. రోజంతా రెండు భాషల్లో రాసేవాళ్లకి ఇంతకన్నా సుఖం లేదు. అది పెట్టుకున్నాక విండోస్ సెట్టింగుల్లో ఆల్ట్, షిఫ్ట్‌తో భాష మారే షార్ట్‌కట్‌ను ఆపేయ్. ఆట మధ్యలో ఆ రెండూ కలిసి పడ్డాయంటే భాష తెలుగులోకి మారిపోతుంది, చాట్‌లో పొల్లులూ గుడులూ పడుతుంటాయి.

కీక్యాప్‌ల మీద ఇప్పుడు ఖర్చు వద్దు. ఏబీఎస్ అయితే కొన్నాళ్లకి నునుపెక్కి మెరుస్తాయి, పీబీటీ గరుకుగా ఎక్కువకాలం నిలుస్తాయి. బోర్డుతో పీబీటీ వస్తే సంతోషం. తర్వాత విడిగా కొంటే మాత్రం 75 శాతం బోర్డులో కుడి షిఫ్ట్ పొట్టిగా ఉంటుంది, ఆ కొలతది సెట్‌లో ఉందో లేదో చూసుకో.

ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టే ముందు సికింద్రాబాద్ వెళ్లిరా. అమీర్‌పేటలో మెట్రో మారి ప్యారడైజ్‌లో దిగు, పార్క్ లేన్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్. అన్ని షాపుల్లో అన్నీ ఉండవు, డిస్‌ప్లేలో పెట్టినవాటి మీద వేళ్లు ఆడించు. స్పేస్‌బార్‌ను మధ్యలో కాదు, రెండు చివర్లా నొక్కు. ఎంటర్‌ను మూల మీద నొక్కు. లోపల తీగ గలగలమంటే, పొడవు కీలు ఒరగకుండా పట్టుకునే స్టెబిలైజర్ పొడిగా ఉన్నట్టు. అది గ్రీజుతో పోతుంది కాబట్టి దానికోసం మంచి బోర్డు వదులుకోకు. చివర నొక్కితే కీ ఇరుక్కుని నెమ్మదిగా లేస్తే మాత్రం ఆ పీసు వద్దు. తర్వాత రెండు చేతులతో బోర్డును పట్టుకుని కాస్త మెలితిప్పు, కిర్రుమనకూడదు. బాక్సు తెరిపించి అడుగున స్విచ్ లాగే పుల్లర్ ఉందో లేదో చూడు. బిల్లు మీద మోడల్ పేరు పూర్తిగా రాయించుకో, వారంటీ కంపెనీ ఇస్తుందా షాపువాడిస్తాడా అడుగు.

స్విచ్ గుచ్చేటప్పుడు తొందరపడకు. రెండు రాగికాళ్లూ నిటారుగా ఉన్నాయో లేదో వెలుతుర్లో చూసి, వంగితే ట్వీజర్‌తో సరిచేసి, నిలువుగా నొక్కు. కాలు మడతపడితే ఆ కీ పలకదు, బోర్డు పాడైందనుకుని కంగారుపడతారు జనం. టీ ఒలికితే, ఒలుకుతుంది, నీ టేబుల్ నాకు తెలుసు, ముందు వైరు పీకి బోర్డు తలకిందులు చెయ్యి. ఇరానీ చాయ్‌లో చక్కెర ఆరాక బంకలా పట్టేస్తుంది. తడిసిన చోట క్యాప్‌లూ స్విచ్‌లూ పీకి, క్యాప్‌లు సబ్బునీళ్లలో కడిగి, బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వు. కోఠి గుజరాతీ గల్లీలో ఆ సీసా దొరుకుతుంది.

ఇంకో మాట, మణికట్టు గురించి. మెకానికల్ బోర్డులు ల్యాప్‌టాప్ కీల కన్నా ఎత్తు. వెనక కాళ్లు తెరిచి ఇంకా ఎత్తు చేస్తే మణికట్టు పైకి వంగి గంటలోనే లాగడం మొదలవుతుంది. కాళ్లు మూసేసి, ముందు ఒక మడత టవల్ పెట్టుకో, కుర్చీ ఎత్తు పెంచుకో. మా డీటీపీ లైనులో చేతులు పాడైపోయి పని మానేసినవాళ్లను చూశాను, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

కొన్నాక ఆదివారం పొద్దున చిక్కడపల్లి వచ్చెయ్, బోర్డు పట్టుకుని. డైఎలక్ట్రిక్ గ్రీజు, సన్నటి బ్రష్ నా దగ్గర ఉన్నాయి, స్టెబిలైజర్ల పని ఇద్దరం చేద్దాం. ఈలోపు యూట్యూబ్ చూసి నువ్వు ఒక్కడివే విప్పకు.

ఇట్లు,
మీ చిన్నమ్మ