‘పాపులం’ అంటే తిట్టా?

సందేహం: మా ఇంటి దగ్గర చర్చి గోడమీద ‘మనమందరం పాపులం’ అని రాసి ఉంది. చూసినప్పుడల్లా మా అమ్మకు కోపం. “ఎవరికేం అన్యాయం చేశానని నన్ను పాపి అనాలి?” అంటుంది. క్రైస్తవులు ఈ మాటను వేరే అర్థంలో వాడతారా? పాప పరిహారం, ప్రాయశ్చితం, విమోచన ఒకటేనా? – ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మగారి కోపంలో తప్పు లేదు. వాడుకలో పాపి అంటే ఘోరం చేసినవాడే. (అదే పాపం ‘అయ్యో పాపం’లో జాలిగా మారడం ఓ వింత.) మనకు పాపమంటే చేసిన పని. మూట కట్టుకోవచ్చు, కొండమీద పాపనాశనంలో మునిగి కడుక్కోనూవచ్చు. బైబిలు రెండో భాగమైన కొత్త నిబంధన గ్రీకులో పాపానికి వాడిన మాట ‘హమార్తియా’. దాని వెనకున్న క్రియకు గురి తప్పడం అని అర్థం. చేసిన తప్పులకూ ఆ మాటే వాడతారు గానీ, తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు రోమా పత్రికలో (రోములోని క్రైస్తవులకు రాసిన ఉత్తరంలో) దాన్ని మనిషిని ఏలే శక్తిలా చెబుతాడు. మొదటి మనిషి ఆదాము నుంచీ మనుషులందరిదీ అదే స్థితి అన్నది గోడమీది మాటకు భావం. కతోలికులు జన్మపాపం అనేది దీన్నే. పైగా అక్కడున్నది ‘మీరు’ కాదు, ‘మనం’. రాసినవాడూ అందులో ఉన్నాడు.

ఈ ధోరణి మనకు బొత్తిగా కొత్తదీ కాదు. గుడిలో ప్రదక్షిణ చేస్తూ ‘పాపోఽహం పాపకర్మాఽహం పాపాత్మా పాపసంభవః’ అని అమ్మగారూ చదివే ఉంటారు. పాపసంభవుడంటే పాపంలోంచి పుట్టినవాడు. బైబిలు 51వ కీర్తనలో ‘నేను పాపములో పుట్టినవాడను’ అని ఉంది. కాకపోతే ప్రదక్షిణ శ్లోకం ‘జన్మాంతర కృతాని’ అంటూ వెనకటి జన్మల లెక్క తీస్తుంది. క్రైస్తవంలో వెనకటి జన్మలు లేవు, ఆదాము ఉన్నాడు.

రెండో సందేహానికి క్రియలే జవాబు చెబుతాయి. పరిహారం, ప్రాయశ్చిత్తం మనం ‘చేసుకుంటాం’. ‘కొను’ చేరిందంటే ఎవరిది వాళ్లే. (బైబిలులోని లేవీయకాండంలో యాజకుడు, అంటే పూజారి, జనం కోసం ప్రాయశ్చిత్తం ‘చేస్తాడు’. అక్కడ ‘కొను’ రాలిపోయింది.) విమోచన చేసుకున్నానని మాత్రం ఎవరూ అనరు. అహల్యకు శాపవిమోచనం కలిగినట్టు, అది కలగాలి. కొత్త నిబంధనలోని మరో ఉత్తరం, ఎఫెసీ పత్రిక తెలుగులోనూ విమోచనము ‘కలిగియున్నది’ అనే ఉంది.

మోక్షం, విమోచన రెండూ ‘ముచ్’ ధాతువు నుంచి వచ్చినవే. విడవడం అని దాని అర్థం. అందులో డబ్బు ప్రసక్తి లేదు. మార్కు సువార్త 10:45లోని గ్రీకు మాట ‘లూత్రాన్’ అంటే బానిసనో, యుద్ధఖైదీనో విడిపించడానికి కట్టే సొమ్ము. ఒక్క ‘విమోచన’తో ఆ అర్థం రాదనే కాబోలు, అనువాదకులు ‘విమోచన క్రయధనము’ అన్నారు. మన చిత్తూరు వైపు కుదవపెట్టిన నగను విడిపించడం అంటామే, దాదాపు అలాంటిది. నగ తనంతట తాను అంగడి దాటి రాలేదు, ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. క్రీస్తు సిలువమీద ప్రాణమిచ్చి అది కట్టాడన్నది క్రైస్తవుల విశ్వాసం.

అన్నట్టు, ప్రాయశ్చిత్తంలో చివరి ‘త’కు ‘త’ వత్తు ఉండాలి. మీ ఉత్తరంలో జారిపోయింది.