బల్బు కొత్తదే అయినా ఇండికేటర్ వెలగకపోతే

కొత్తపట్నం నుంచి రాసిన మిత్రులకు నమస్కారం. కారు వెనుక కుడివైపు ఇండికేటర్ బల్బు మార్చినా వెలగడం లేదని, డాష్‌బోర్డులో ఆ వైపు బాణం గుర్తు మామూలుకన్నా వేగంగా కొట్టుకుంటోందని మీరు రాశారు. ఆ వేగం ఆ వైపు ఒక బల్బుకు కరెంటు అందడం లేదనడానికి గుర్తు. మీరు సముద్రం ఒడ్డున ఉంటారు కనుక నా అనుమానమంతా ఉప్పుగాలికి చిలుము పట్టే హోల్డరు మీదనే, అంటే బల్బు కూర్చునే గూడు మీదనే.

బండి ఆపి తాళంచెవి తీసేసి, డిక్కీ తెరిచి, లైటు అంచున ఉన్న స్క్రూలు విప్పి, లైటును పక్కకు వంచకుండా నేరుగా వెనక్కి లాగండి. వంచితే ప్లాస్టిక్ కొక్కేలు విరుగుతాయి. హోల్డరును ఎడమకు తిప్పితే ఊడి వస్తుంది. బల్బును లోపలికి నొక్కి, ఎడమకు తిప్పి తీసి, హోల్డరు అడుగున చూడండి. కావలిలో నా బండికి అక్కడ పచ్చటి చిలుము పేరుకుని, బల్బుకు కరెంటు అందించే రాగి రేకు కనిపించనే లేదు. సన్నని ఎమరీ కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, అణిగిపోయి ఉంటే చిన్న స్క్రూడ్రైవరుతో కొద్దిగా పైకి లేపండి.

బల్బును కూడా ఒకసారి సరిచూసుకోండి. నారింజ రంగు 21 వాట్ల బల్బుకు అడుగు భాగంలో పక్కలకు పొడుచుకు వచ్చిన రెండు చిన్న పిన్నులు ఎదురెదురుగా కాక 150 డిగ్రీల కోణంలో ఉంటాయి కాబట్టి, తెల్ల బల్బు దాని హోల్డరులో సరిగా కూర్చోదు. దాన్ని బలవంతంగా తిప్పకండి.

లైటు బిగించకముందే ఇండికేటర్ వేసి చూడండి. వెనుక రబ్బరు పట్టీని మాత్రం తప్పక యథాస్థానంలో పెట్టండి, తేమ లోపలికి చేరేది అక్కడి నుంచే.