హూణులు ఎవరు, హూణభాష ఏది?

సందేహం: పాత తెలుగు పుస్తకాలలో ఇంగ్లీషును ‘హూణభాష’ అన్నారు. హూణులు మధ్య ఆసియా సంచారజాతి కదా, ఆ పేరు ఆంగ్లేయులకు ఎలా అంటుకొంది? అసలు ఆ మాటకు అర్థమేమిటి?

సమాధానం: హూణ శబ్దం సంస్కృతం ద్వారా మనకు వచ్చినదే కాని సంస్కృతంలో పుట్టినది కాదు, కనుక ఏదో ఒక ధాతువును వెదికి పట్టుకొని వ్యుత్పత్తి చెప్పబోవడం వృథాశ్రమ. మంగోలియా పచ్చికబయళ్లలో గుర్రాలతో, మందలతో తిరుగుతూ చైనా సరిహద్దులను శతాబ్దాలపాటు గడగడలాడించిన వారిని చైనా చరిత్రకారులు ‘షియోంగ్ను’ అన్నారు. ఆ పేరూ ఈ పేరూ ఒకటేననడానికి గట్టి ఆధారాలున్నాయి. వాయవ్య చైనాలోని డున్‌హువాంగ్ సమీపాన ఉన్న కావలి బురుజు శిథిలాలలో 1907లో పురావస్తు పరిశోధకుడు ఆరెల్ స్టీన్‌కు సోగ్డియా (మధ్య ఆసియాలోని సమర్‌కండ్ ప్రాంతం) వర్తకుల ఉత్తరాలు దొరికాయి. నాలుగవ శతాబ్ది ఆరంభంలో వ్రాసిన వాటిలో ఒకటి, చైనా నగరాలను తగలబెట్టిన షియోంగ్నులను ‘హూన్’ అనే పేర్కొన్నది. బుద్ధుని జీవితగాథ అయిన లలితవిస్తరంలో బాల సిద్ధార్థుడు గురువు ముందు ఏకరువు పెట్టిన అరవై నాలుగు లిపులలో హూణలిపి ఒకటి; ఆ గ్రంథాన్ని 308లో చైనా భాషలోకి అనువదించిన బౌద్ధభిక్షువు ధర్మరక్షుడు ఆ చోట ‘షియోంగ్ను’ అనే వ్రాశాడు.

పేరు కలిసినంత మాత్రాన వంశం కలిసిందనుకోరాదు. ఘనకీర్తి గల పేరును తరువాతి తెగలు తగిలించుకోవడం ఆ మైదానాలలో మామూలే. ఇక అర్థమంటారా, మంగోలు భాషలో ‘మనిషి’ అని చెప్పే ‘ఖున్’తో దీనిని ముడిపెట్టినవారున్నారు గాని, ధ్వనిసామ్యం తప్ప వేరే ఊతం లేని ఆ వాదం నాకు రుచించదు.

మన దేశంలో గుప్తచక్రవర్తి స్కందగుప్తుని భితరి శాసనం హూణులతో యుద్ధాన్ని చెబుతుంది. ఆరవ శతాబ్దిలో హూణరాజు మిహిరకులుడు మాళవరాజు యశోధర్ముని చేతిలో ఓడాడు. క్రమంగా ఆ జనం ఇక్కడివారిలో కలిసిపోయినా, మాట మాత్రం పరదేశీయుడన్న అర్థంతో పండితుల నోట నిలిచింది. గ్రీకులకు చెల్లిన ‘యవన’ శబ్దం కృష్ణదేవరాయల ‘యవనరాజ్యస్థాపనాచార్య’ బిరుదు నాటికి ముస్లిం పాలకులకు చెల్లినట్లే, ఇంగ్లీషువారు వచ్చేసరికి హూణ శబ్దం వారికి చెల్లింది. ‘హూణశకము’ అని కనబడితే అది క్రీస్తుశకమే. హూణరాజు తోరమాణుని పాలనాకాలంతో లెక్కలు కట్టనక్కరలేదు.

నేటి రచనలో ఈ మాటను చరిత్రలోని ఆ జాతికే ఉంచడం మేలు. ఇంగ్లీషు ఉచ్చారణను అనుసరించి ‘హన్లు’ అని వ్రాయవద్దు. ణకారంతో ‘హూణులు’ అన్నదే మన రూపం.