టెక్ సందేహాలు: పేపర్ దొరకకపోవడం చిన్న సమస్యే

సైకాలజీ, కౌన్సెలింగ్, సోషల్ వర్క్ చదువుతున్నవాళ్ల నుంచి ఈమధ్య వరసగా ఉత్తరాలు వస్తున్నాయి. మాటలు వేరైనా అందరి గోడూ ఒకటే: ఎంత వెతికినా పరిశోధన పేపర్లు దొరకట్లేదని. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసి విసుగొచ్చింది. అందుకే ఈసారి కాలమ్ మొత్తం వాళ్లకే. బ్యాటరీ ఉబ్బిన ఫోన్ గురించి అడిగినాయన మన్నించాలి. అయ్యా, ఆ ఫోన్‌ని ఛార్జింగ్‌కి పెట్టకండి, ఇవాళే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి. నా వచ్చేవారం జవాబు దాకా అది ఆగకపోవచ్చు.

సైక్‌ఇన్ఫోలో నా టాపిక్ మీద వందల పేపర్లు కనిపిస్తున్నాయి. ఒక్కటీ తెరుచుకోవట్లేదు. సైట్ పాడైందా? (సైకాలజీ పీజీ విద్యార్థిని)

పాడవలేదమ్మా. సైక్‌ఇన్ఫో పేపర్లు దాచిపెట్టే గది కాదు, ఏ పేపర్ ఎక్కడుందో చెప్పే సూచిక. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 1927లో అచ్చులో మొదలుపెట్టిన సైకలాజికల్ అబ్‌స్ట్రాక్ట్స్‌కి ఇది వారసురాలు. అప్పుడూ ఇప్పుడూ అందులో ఉండేవి పేపర్ వివరాలు, సారాంశం. పూర్తి పేపర్లు ఉండే డేటాబేస్ వేరు, దాని పేరు సైక్‌ఆర్టికల్స్. అదీ ప్రధానంగా ఆ సంఘం, దాని అనుబంధ ప్రచురణల జర్నళ్ల వరకే. రెండిటికీ కవల పిల్లల్లాంటి పేర్లు పెట్టి, లైబ్రరీ పేజీలో పక్కపక్కనే పడేసి, తేడా ఎక్కడా ఒక్క ముక్క రాయకపోతే విద్యార్థులు తికమకపడక ఏం చేస్తారు? ఇందులో మీ తప్పేం లేదు.

సూచికలో పేపర్ పేరు దొరికిందంటే సగం పని అయినట్టే. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి. ఆ పేపర్‌కి చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఎక్కడైనా ఉంటే పేజీ పక్కన ఆకుపచ్చ తాళం తెరుచుకుని కనిపిస్తుంది. గూగుల్ స్కాలర్‌లో అదే పేరు కొట్టి, కింద చిన్న అక్షరాల్లో ఉండే 'అన్ని వెర్షన్లు' నొక్కి చూడండి. మానసిక ఆరోగ్యానికి సంబంధించినదైతే వైద్య పరిశోధన పేపర్లని ఉచితంగా ఉంచే పబ్‌మెడ్ సెంట్రల్‌లో పూర్తి పాఠమే ఉండొచ్చు. ఇవేవీ కలిసి రాకపోతే రచయితకే రెండు లైన్ల ఈమెయిల్ రాయండి. మొహమాటం అక్కర్లేదు. తన పేపర్ చదువుతామని అడిగితే విసుక్కునే పరిశోధకుణ్ని నేనింతవరకు చూడలేదు.

ఇంట్లో పెద్దవాళ్లని చూసుకునేవాళ్ల ఒత్తిడి గురించి స్కాలర్‌లో వెతికితే లక్షల్లో ఫలితాలు వస్తున్నాయి. పనికొచ్చేవి రెండో మూడో. (సోషల్ వర్క్ విద్యార్థి)

మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. వెతికే పెట్టెలో పదమూడు పదాల ప్రశ్న, చివర ప్రశ్నార్థకం కూడా! మీ స్నేహితుణ్ని అడిగినట్టు అడిగారు. డేటాబేస్‌కి మీ బాధ తెలియదు, పదాలు మాత్రమే తెలుసు. పైగా స్కాలర్ లక్షల ఫలితాలున్నాయని చెప్పుకున్నా, చూపించేది మొదటి 1,000 మాత్రమే.

సోషల్ వర్క్‌తో ఉన్న అసలు చిక్కు వేరే. దీని పరిశోధన ఒక్క చోట ఉండదు. కొంత సైకాలజీలో, కొంత ప్రజారోగ్యంలో, కొంత విద్యలో, కొంత న్యాయశాస్త్రంలో చెల్లాచెదురుగా ఉంటుంది. ఒక్కో రంగం ఒకే విషయానికి ఒక్కో పేరు పెడుతుంది. మీ విషయాన్నే ఒకరు కేర్‌గివర్ బర్డెన్ అంటారు, ఇంకొకరు స్ట్రెయిన్ అంటారు, మరొకరు స్ట్రెస్ అంటారు. బ్రిటిష్‌వాళ్లకైతే కేర్‌గివరే ఉండడు, వాళ్లకి అతను కేరర్. మీరు ఒక్క పేరుతో వెతికితే మిగతా పేర్లతో రాసినవాళ్లంతా మీకు కనిపించకుండా పోతారు. కౌన్సెలింగ్ అన్న మాటనే తీసుకోండి. అమెరికన్ స్పెల్లింగ్‌లో ఒక ఎల్, బ్రిటిష్ స్పెల్లింగ్‌లో రెండు ఎల్‌లు. కొన్ని డేటాబేస్‌లు ఈ రెండిటినీ వేరువేరు మాటలుగా చూస్తాయి. అలాంటి చోట ఇంగ్లిష్‌లో 'కౌన్సెల్' వరకు ఏడు అక్షరాలు కొట్టి పక్కన నక్షత్రం గుర్తు పెడితే రెండూ వస్తాయి, కౌన్సెలర్ కూడా వస్తాడు. స్కాలర్‌లో మాత్రం ఆ నక్షత్రం పనిచేయదు.

కాబట్టి ముందు పదాల జాబితా రాసుకోండి. కాగితం మీదే. ఒకే అర్థమున్న పదాల మధ్య ఇంగ్లిష్ 'ఆర్' పెద్ద అక్షరాల్లో పెట్టండి. చిన్న అక్షరాల్లో పెడితే వైద్య పరిశోధనల సూచిక పబ్‌మెడ్, స్కాలర్ రెండూ దాన్ని ఆదేశంగా తీసుకోవు. తర్వాత ఆ డేటాబేస్‌కి సొంత పదకోశం ఉందేమో చూడండి. పబ్‌మెడ్‌కి మెష్ ఉంది, సైక్‌ఇన్ఫోకి థెసారస్ ఉంది, విద్యారంగం కోసం 1966 నుంచి నడుస్తున్న ఎరిక్‌కి కూడా ఒకటుంది. ఎరిక్, పబ్‌మెడ్ ఎవరికైనా ఉచితం. స్కూల్ కౌన్సెలింగ్ మీద పనిచేస్తూ ఎరిక్ పేరే విననివాళ్లు నాకు ప్రతి నెలా తగులుతున్నారు. పదకోశంలోని మాటతో వెతికితే రచయిత ఏ పదం వాడినా, సూచిక తయారుచేసినవాళ్లు ఆ పేపర్‌ని అదే మాట కింద చేర్చి ఉంటారు.

ఇంకో దగ్గరి దారి: సామాజిక సంక్షేమం మీదైతే ముందు క్యాంప్‌బెల్ కొలాబరేషన్ సమీక్షలు చూడండి. అవి ఉచితం. ఒక విషయం మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టి రాసినవి. ఏ పదాలతో వెతికారో కూడా అందులోనే రాస్తారు. ఆ పదాలు ఎత్తుకొచ్చేయండి, అది దొంగతనం కాదు.

చాట్‌బాట్ ఇచ్చిన 20 రిఫరెన్స్‌లలో 7 ఎక్కడా దొరకట్లేదు. ఏ సైట్‌లో వెతకాలి?

ఎక్కడా వెతకొద్దు. అవి లేవు. రచయిత నిజం, జర్నల్ నిజం, పేపర్ మాత్రం కల్పన. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో లాయర్లు ఇలాగే చాట్‌బాట్ పుట్టించిన కేసుల్ని ఉదహరించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. ప్రతి రిఫరెన్స్‌కీ డీఓఐ నంబర్ (ఒక్కో పేపర్‌కీ ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉందా, ఆ నంబర్ కొడితే అదే పేపర్ తెరుచుకుంటోందా చూసుకోండి. మిగతా 13 కూడా చూడండి. పేపర్ ఉన్నంత మాత్రాన అది చెప్పని మాటని దానికి అంటగట్టలేదని నమ్మకం లేదు. రిఫరెన్స్‌లు దాచుకోవడానికి జొటెరో వాడండి. ఉచితం, పైగా వెనక్కి తీసుకున్న పేపర్ ఏదైనా మీ జాబితాలో ఉంటే ఎర్రగా హెచ్చరిస్తుంది. ఈ రంగానికి ఆ హెచ్చరిక మరీ అవసరం. డచ్ సైకాలజిస్ట్ డీడెరిక్ స్టాపెల్ డేటా కల్పించాడని 2011లో బయటపడ్డాక, ఆయన పేపర్లు 58 వెనక్కి పోయాయి.

క్లయింట్ల సెషన్లు రికార్డు చేసి, మాటల్ని అక్షరాల్లోకి మార్చడానికి ఒక ఉచిత వెబ్‌సైట్ వాడుతున్నాను. పేర్లు తీసేశాను. ఇంతకన్నా తప్పుల్లేకుండా రాసేది ఉంటే చెప్పండి. (కౌన్సెలింగ్ ట్రైనీ)

ఈ ఉత్తరం చదివాక రెండు రోజులు టెన్షన్‌గానే ఉంది. మీరు ఒక్కరే అయితే ఇంత బాధపడేవాణ్ని కాదు. ఈ ప్రశ్న ఐదోసారి వచ్చింది.

పేర్లు తీసేశానన్నారు. దేంట్లోంచి తీశారు? తయారై వచ్చిన టెక్స్ట్‌లోంచి. అంటే అప్పటికే ఆడియో ఆ సైట్‌కి వెళ్లిపోయింది. పేర్లతో, ఊరితో, గొంతుతో, మధ్యలో ఏడుపుతో సహా. గొంతు కూడా ఒక గుర్తింపే. ఆ ఫైల్ ఏ సర్వర్‌లో ఉందో, ఎన్నాళ్లుంటుందో, దాంతో ఇంకో మోడల్‌కి శిక్షణ ఇస్తారో లేదో మీకు తెలియదు. మీరు 'అంగీకరిస్తున్నాను' నొక్కిన నిబంధనల్లో ఉంటుంది, చదివారా? ఇంతకీ అంగీకరించింది మీరు. మాట్లాడింది వేరే మనిషి.

ఫిన్‌లాండ్‌లో వాస్తామో అనే సైకోథెరపీ సంస్థ ఉండేది. దాని రోగుల రికార్డులు దొంగలపాలయ్యాయి. 2020లో దొంగ ముందు సంస్థని బెదిరించాడు. అక్కడ డబ్బు రాకపోయేసరికి అక్టోబరులో నేరుగా రోగులకే మెయిళ్లు పెట్టాడు. 24 గంటల్లో 200 యూరోలు బిట్‌కాయిన్‌లో కట్టు, గడువు దాటితే 500, లేదంటే నువ్వు థెరపిస్ట్‌కి చెప్పినవన్నీ బయటపెడతా అని. ఇరవై వేలమందికి పైగా పోలీసు ఫిర్యాదు చేశారు. బ్యాంకు పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. భర్త గురించి, తండ్రి గురించి, తన గురించి తాను మూసిన గదిలో చెప్పుకున్న మాటని ఏం పెట్టి మారుస్తాం?

'పేర్లు లేవు కదా' అనే ధైర్యం కూడా పాతదే. 2006లో ఏఓఎల్ అనే అమెరికన్ ఇంటర్నెట్ కంపెనీ తన వాడుకరుల్లో సుమారు 6.5 లక్షలమంది మూడు నెలల పాటు వెతికిన మాటల్ని పరిశోధకుల కోసం బయటపెట్టింది. పేర్ల బదులు నంబర్లు పెట్టింది. కొద్దిరోజుల్లోనే విలేకరులు ఆ వెతుకులాటల్ని పట్టుకుని ఒక మనిషి ఇంటి తలుపు తట్టారు. పుట్టినతేదీ, లింగం, అయిదంకెల పిన్‌కోడ్ ఈ మూడూ కలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని కంప్యూటర్ శాస్త్రవేత్త లతాన్యా స్వీనీ 2000లోనే లెక్క తేల్చింది. మీ టెక్స్ట్‌లో 'రెండో పెళ్లి చేసుకున్న టీచర్, కొడుకు ఫలానా ఏడాది ప్రమాదంలో పోయాడు' అని ఉంటే ఇక పేరెందుకు?

ఇక్కడ తయారీదారుల మీద కూడా నాలుగు మాటలు అనకపోతే నాకు నిద్రపట్టదు. ఈమధ్య వచ్చే అప్‌డేట్‌ల తీరు చూస్తున్నారా? రాత్రి పడుకునేటప్పుడు మామూలు పీడీఎఫ్ రీడర్, పొద్దున లేచేసరికి పైన మెరిసే బటన్: 'ఈ డాక్యుమెంట్‌ని సంగ్రహించనా?' మీరు అడగలేదు, అది అడుగుతోంది. నొక్కితే ఫైల్ మీ కంప్యూటర్ దాటి వెళ్లొచ్చని ఆ బటన్ పక్కన రాయరు. ఎనిమిదో మెనూలో, 'మరిన్ని' కింద, 'అనుభవాన్ని మెరుగుపరచడం' అనే ముద్దుపేరుతో దాస్తారు. ఆపినా తర్వాతి అప్‌డేట్‌లో మళ్లీ మొలుస్తుంది. నోట్స్ యాప్‌లు, మీటింగ్ యాప్‌లు, కీబోర్డులు అన్నిటిదీ ఇదే వరస. జర్నల్ పేపర్ మీద నొక్కితే ప్రాణం పోదు. అదే రీడర్‌లో మరుసటి నిమిషం కేస్ ఫైల్ తెరుస్తారు, వేలు అలవాటుగా అక్కడికే పోతుంది. ఆ వేలుని తప్పుపట్టడం సులువు. ఆ బటన్‌ని అక్కడ పెట్టినవాడికి కేస్ ఫైల్ అంటే ఏంటో తెలియదు, తెలుసుకోవాలన్న ఆలోచన కూడా లేదు.

మీ ప్రశ్నకి వస్తాను. ఆ సైట్‌లో ఉన్న ఫైళ్లు, ఖాతా ఇవాళే తీసేయండి. తీసేసినట్టు రాతపూర్వకంగా చెప్పమని అడగండి. జరిగింది మీ సూపర్‌వైజర్‌కి చెప్పండి. తిడతారు, తిట్టనివ్వండి. ఇక మీదట మాటల్ని అక్షరాల్లోకి మార్చే విస్పర్ లాంటి మోడల్‌ని మీ సొంత కంప్యూటర్‌లోనే నడపండి. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకున్నాక వైఫై ఆపేసినా అది పనిచేస్తుంది, ఆపేసే వాడండి. నెమ్మదిగా రాస్తుంది, తప్పులు కూడా రాస్తుంది, కూర్చుని దిద్దుకోవాలి. ఆడియో ఫైళ్లని వెరాక్రిప్ట్‌తో తాళం వేసిన ఫోల్డర్‌లో ఉంచండి. పేర్ల బదులు పెట్టిన నంబర్లలో ఏది ఏ మనిషిదో చెప్పే జాబితా వేరే చోట ఉండాలి. రెండూ ఒకే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరిగేవాళ్లని నేనెరుగుదును. రికార్డింగ్‌ని సాఫ్ట్‌వేర్‌తో రాయిస్తానని అంగీకార పత్రంలో లేకపోతే, క్లయింట్‌ని మళ్లీ అడగాల్సిందే.

డిప్రెషన్ కొలిచే స్కేల్ పీడీఎఫ్ ఉచితంగా ఎక్కడ దొరుకుతుంది? ఆన్‌లైన్ ఫారంలో పెట్టి గ్రూపుల్లో పంపుదామని.

డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9, ఆందోళన కొలిచే జీఏడీ-7 రెండూ అనుమతి అడగకుండా వాడుకోవచ్చు. బెక్ డిప్రెషన్ ఇన్వెంటరీకి అలా కుదరదు, అది కాపీరైట్ ఉన్న, డబ్బిచ్చి కొనే స్కేల్. దాన్ని ఉచితంగా ఇస్తామనే సైట్లలో నాలుగు డౌన్‌లోడ్ బటన్లుంటాయి. వాటిలో నాలుగూ మీకు అక్కర్లేనివే దించుతాయి.

నన్ను ఆపింది మీ రెండో వాక్యం. పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండనే ఆలోచనల గురించి, తనని తాను గాయపరచుకోవాలనే ఆలోచనల గురించి. ఎవరో అర్ధరాత్రి మీ ఫారం తెరిచి 'దాదాపు ప్రతిరోజూ' అని టిక్ పెడతారు. స్క్రీన్ మీద 'ధన్యవాదాలు, మీ జవాబు నమోదైంది' అని వస్తుంది. తర్వాత? ఆ జవాబు చూసేదెవరు, ఎప్పుడు? దీనికి మీ దగ్గరా మీ గైడ్ దగ్గరా జవాబు సిద్ధమయ్యేదాకా ఫారం తెరవకండి. కనీసం ఆ ప్రశ్న కిందే సహాయం ఎక్కడ దొరుకుతుందో రాసి ఉండాలి.

తెరిచాక మూడు సెట్టింగులు చూడండి. జవాబుల సారాంశం అందరికీ చూపించే మీట ఆఫ్‌లో ఉండాలి. ఈమెయిల్ సేకరణ ఆఫ్‌లో ఉండాలి. జవాబులు చేరే షీట్ 'లింక్ ఉన్న ఎవరైనా' అన్నదాని మీద ఉండకూడదు. ఈ మూడోది వదిలేసిన ఒక షీట్‌ని ఒక పాఠకురాలు సాయం కోసం నాకే పంపింది. అందులో ఎనభైమంది తొమ్మిదో ప్రశ్నకి ఇచ్చిన జవాబులు ఫోన్ నంబర్లతో సహా ఉన్నాయి. మూసేయమని వెంటనే రాసి, మూసేదాకా ఫోన్ పట్టుకునే కూర్చున్నాను.

లైబ్రరీ ఖాతా గడువు అయిపోతోందని మెయిల్ వచ్చింది. లాగిన్ అయ్యాను, పేజీ ఎర్రర్ చూపించింది. జర్నళ్లు ఎలా తెరవాలి?

ఆ లింక్ మీ లైబ్రరీది కాదు, అడ్రస్‌లో ఒక అక్షరం ఎక్కువుంది. ఇది విద్యార్థుల అల్లరి అనుకోకండి. 144 అమెరికన్ యూనివర్సిటీలనీ, మరో 21 దేశాల్లోని 176 యూనివర్సిటీలనీ లక్ష్యంగా చేసుకుని ఇలాంటి మెయిళ్లతోనే లాగిన్‌లు కాజేశారని 2018 మార్చిలో అమెరికా తొమ్మిదిమంది మీద అభియోగం మోపింది. మీ పాస్‌వర్డ్‌తో ఇప్పుడు ఇంకెవరో మీ మెయిల్ కూడా చదువుతుండొచ్చు, రెండిటికీ ఒకటే పాస్‌వర్డ్ అని మీరే రాశారు కాబట్టి. జర్నళ్ల సంగతి తర్వాత. మీరు ఉత్తరం రాసి నాలుగు రోజులైంది. పాస్‌వర్డ్ మార్చారా?